కొలతకు తగిన మాట

ఉద్దేశం

ఉన్నత విద్యకోసం దేశవిదేశాల విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు తమను గురించి తామే ఒక వ్యాసం రాయవలసి వస్తున్నది. ఆ వ్యాసానికి నిర్ణీతమైన పదపరిమితి ఉంటుంది. ఆ పరిమితిని ఏ దృష్టితో చూడాలో, దానికి లోబడి ఎలా రాయాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మాట్లాడడం ఇంట్లో నేర్చుకుంటాం. ఎంత మాట్లాడాలో మాత్రం లోకమే నేర్పుతుంది. సభలో వక్తకు నిమిషాలు లెక్కించి ఇస్తారు. శుభలేఖలో ఇన్ని పంక్తులకే చోటు ఉంటుంది. మన దేశంలో 2013 వరకు టెలిగ్రాం సేవ ఉండేది. అందులో పదాలను బట్టి రుసుము చెల్లించవలసి వచ్చేది. అక్షరజ్ఞానం అంతగా లేనివారు సైతం తపాలా కార్యాలయంలో నిలబడి, ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసివేయాలో ఆలోచించి వార్త పంపేవారు. నాలుగు మాటలు అందితే చాలు, ఊరు కాని ఊరిలో ఉన్న కొడుకు ఆ రాత్రే బస్సెక్కేవాడు. మాటల సంఖ్య తగ్గినందువల్ల వార్తకు బలం తగ్గలేదు.

నేటి విద్యార్థికి ఇటువంటి పరీక్షే మరో రూపంలో ఎదురవుతున్నది. అమెరికాలోని వెయ్యికి పైగా కళాశాలలు స్వీకరించే ‘కామన్ యాప్’ దరఖాస్తులో ప్రధాన వ్యాసం 250 పదాలకు తగ్గకూడదు, 650 పదాలకు మించకూడదు. ఆ పైన ఒక్క పదాన్ని కూడా ఆ గడి స్వీకరించదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎనిమిది ప్రశ్నలు ఇచ్చి, వాటిలో నాలుగింటికి సమాధానం కోరుతుంది. ఒక్కొక్క సమాధానం 350 పదాలు దాటరాదు. బ్రిటన్‌లో ‘యూకాస్’ సంస్థ ద్వారా దరఖాస్తు చేసేవారికి ఖాళీలతో కలిపి మొత్తం 4,000 అక్షరాలే చోటు. 2026 ప్రవేశాలతో మొదలుపెట్టి ఆ వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా విడదీశారు గాని, మొత్తం పరిమితిని పెంచలేదు. ఇంజనీరింగ్ పూర్తిచేసి పైచదువుకు వెళ్లేవారు రాసే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’కు కూడా చాలాచోట్ల పదాల లెక్కో, పుటల లెక్కో ఉంటుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల యువతకు ఇది దూరపు విషయం కాదు. ఒకప్పుడు ఇక్కడినుంచి విదేశాలకు వెళ్లడమంటే గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లడమే. నేడు అవే కుటుంబాల పిల్లలు చదువుకోసం సముద్రాలు దాటుతున్నారు. తండ్రి దుబాయి ఎండలో కూడబెట్టిన సొమ్ముతోనో, బ్యాంకు అప్పుతోనో, ప్రభుత్వ విదేశీ విద్యానిధితోనో ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. ఫీజు ఎవరైనా కట్టగలరు. ఆ వ్యాసాన్ని మాత్రం విద్యార్థి తానే రాసుకోవాలి. అక్కడే చాలామంది తడబడుతున్నారు. రాయడానికి విషయం లేక వారు తడబడటం లేదు. ఉన్న విషయాన్ని కొలతలో ఇమడ్చలేకపోతున్నారు.

దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. పుటలు నింపితే మార్కులు పెరుగుతాయనే నమ్మకం మొదటిది. చిన్న తరగతుల నుంచీ వ్యాసమంటే విస్తరణ అనే భావం విద్యార్థి మనస్సులో పాతుకుపోయింది. ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పడం, ప్రతి నామవాచకానికీ రెండేసి విశేషణాలు తగిలించడం, సామెతతో మొదలుపెట్టి సూక్తితో ముగించడం అలవాటయింది. రెండవ కారణం భాషాస్వభావానికి సంబంధించినది. తెలుగులో ప్రత్యయాలు పదాలకు అతుక్కుంటాయి. ‘మా నాన్న దుబాయి పోవలసివచ్చింది’ అన్న వాక్యంలో నాలుగే పదాలున్నాయి. అదే భావాన్ని ఇంగ్లీషులో చెబితే ఏడు పదాలవుతుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే విద్యార్థికి తన వ్యాసం తనకు తెలియకుండానే పెరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

‘పదిహేడేళ్ల జీవితాన్ని 650 పదాలలో చెప్పమనడం అన్యాయం కాదా?’ అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. జీవితమంతా చెప్పమని ఏ విశ్వవిద్యాలయమూ అడగదు. మార్కులు, ధ్రువపత్రాలు, బహుమతులు దరఖాస్తులోని వేరే గడులలో ఉండనే ఉంటాయి. వ్యాసం అడిగేది ఈ విద్యార్థి ఎలా ఆలోచిస్తాడు, దేనిని పట్టించుకుంటాడు అన్న విషయం. వేల దరఖాస్తులు చదివే అధ్యాపకునికి ఒక్కొక్కదానికి దొరికే సమయం స్వల్పం. పైగా పరిమితి అందరికీ ఒక్కటే. మహానగరంలో ఖరీదైన పాఠశాలలో చదివినవానికి 650 పదాలు, మెట్‌పల్లి పక్క పల్లెలో చదివినవానికి వెయ్యి పదాలు అనే నియమం లేదు. కలిమిలేములతో పనిలేకుండా అందరికీ సమానంగా దొరికే జాగా అది ఒక్కటే.

కొలతకు లోబడడం మన సాహిత్యానికి కొత్త కాదు. కందపద్యాన్ని తీసుకుందాం. మొదటి, మూడవ పాదాలకు పన్నెండేసి మాత్రలు, రెండవ, నాలుగవ పాదాలకు ఇరవయ్యేసి మాత్రలు, మొత్తం 64 మాత్రలు. అరవై అయిదవ మాత్రకు అక్కడ తావు లేదు. వేమన ఆటవెలదిలో నాలుగవ పాదాన్ని మకుటానికి విడిచిపెట్టి, మిగిలిన మూడు పాదాలలోనే లోకరీతిని ఎండగట్టాడు. నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురికి చెందిన శేషప్ప కవి నరసింహ శతకాన్ని సీసపద్యాలలో రచించాడు. సీసం చివర వచ్చే గీతంలో నాలుగు పాదాలుంటే, అందులో చివరి రెండూ మకుటానికే చెందుతాయి. ప్రతి పద్యంలోనూ కొంత చోటును ముందుగానే దేవునికి సమర్పించి, మిగిలిన చోటులోనే ఆయన తన ఆర్తినీ, కోపాన్నీ, చనువునూ పలికించాడు. చోటు చాలలేదని ఆ పద్యాలు చదివిన వారెవరికీ తోచదు.

జగిత్యాలకు దూరం కాని మరొక నిదర్శనం కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై ఉన్నది. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడు ఉండేవాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో ఆ గుట్టపై ఒక శాసనం వేయించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. తెలుగుకు దక్కినవి మూడు కందపద్యాలు. కంప్యూటరు తెరమీద అదనపు పదం రాయడానికి ఖర్చు లేదు. రాతిమీద ప్రతి అక్షరానికీ ఉలి దెబ్బ పడాలి. అందువల్ల అక్కరలేని అక్షరం అక్కడికి చేరదు. వెయ్యి సంవత్సరాల తరువాత తెలుగు ఛందస్సు ప్రాచీనతకు ఆ మూడు పద్యాలే సాక్ష్యం చెబుతున్నాయి.

పరిమితికి లోబడడమంటే ఎల్లప్పుడూ చిన్నదే రాయాలని అర్థం కాదు. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి ‘విశ్వంభర’ వంటి దీర్ఘకావ్యం రచించి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. ఆయనే ‘ప్రపంచపదులు’ అనే చిన్న ప్రక్రియలోనూ రచన సాగించారు. వస్తువు ఎంత చోటు కోరుతుందో, సందర్భం ఎంత చోటు ఇస్తుందో తెలిసి రాయడమే ఔచిత్యం. దరఖాస్తు వ్యాసం ఇచ్చే చోటు తక్కువ. కాబట్టి దానికి తగిన వస్తువును ఎన్నుకోవడం రచయిత బాధ్యత. ఐదు సంఘటనలను అయిదేసి వాక్యాలలో చెప్పడం కంటె ఒక్క సంఘటనను నిండుగా చెప్పడం మేలు.

ఎన్నుకున్న తరువాత దిద్దుకోవడం మొదలవుతుంది. ఈ పనిలో ప్రాచీన ఆలంకారికులు నేటికీ మంచి గురువులు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో వాక్యదోషాలను వివరంగా పేర్కొన్నాడు. వాటిలో నాలుగు దోషాలు దరఖాస్తు వ్యాసం రాసేవారికి సరిగ్గా పనికివస్తాయి.

మొదటిది అధికపదం. అర్థానికి ఏమీ చేర్చని పదం వాక్యంలో ఉండడమే ఈ దోషం. ‘నా యొక్క స్వంత వ్యక్తిగత అనుభవం’ అన్నప్పుడు ‘నా అనుభవం’ అంటే చాలు. మిగిలిన మూడు పదాలూ బరువే. రెండవది కథితపదం. ఒకసారి చెప్పినదానినే మళ్లీ చెప్పడం ఇది. ఆసక్తి అన్న తరువాత మక్కువ, మక్కువ అన్న తరువాత ఇష్టం అనేవారు ఈ దోషానికి లోనవుతారు. మూడవది సమాప్తపునరాత్తం. వాక్యం ముగిసిన తరువాత దానిని మళ్లీ ఎత్తుకోవడం. వ్యాసం సహజంగా ముగిసిన చోట ఆగకుండా, ‘చివరగా నేను చెప్పదలచినదేమనగా’ అంటూ మరో నలభై పదాలు రాసేవారిలో ఇది కనిపిస్తుంది. నాలుగవది న్యూనపదం. అవసరమైన పదం లేకపోవడం. పరిమితికి భయపడి ఉండవలసినదాన్ని కూడా కొట్టివేస్తే ఈ దోషం కలుగుతుంది. మొదటి మూడు దోషాలు పదాలను పెంచితే, నాలుగవది ప్రాణాన్ని తీస్తుంది. అందువల్ల దిద్దుబాటుకు కత్తెరతో పాటు వివేకం కూడా కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కోరుట్లకు చెందిన ఒక విద్యార్థిని జీవశాస్త్రంలో ప్రవేశానికి వ్యాసం రాస్తున్నదని ఊహించుకుందాం. తెలుగులో ఆమె చిత్తుప్రతి ఇలా మొదలైంది:

“మానవ జీవితంలో విద్యకు ఎంతో ప్రాధాన్యం ఉంది. చిన్ననాటి నుంచీ నాకు జీవశాస్త్రం అంటే ఎనలేని ఆసక్తి, అమితమైన మక్కువ. మా కుటుంబం ఎన్నో కష్టాలను ఎదుర్కొంది. మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. ఆమె పడిన కష్టం మాటలలో చెప్పలేనిది. అందుకే నేను జీవశాస్త్రం చదవాలని దృఢంగా నిశ్చయించుకున్నాను.”

ఇందులో 37 పదాలున్నాయి. తల్లి బీడీలు చుట్టడం తప్ప తక్కినదంతా ఏ ఊరి విద్యార్థి అయినా రాయగలిగినదే. తల్లి కష్టానికీ, జీవశాస్త్రానికీ ఉన్న సంబంధం ఏమిటో ఆమె చెప్పలేదు. అందుకే ‘అందుకే’ అన్న పదం గాలిలో వేలాడుతున్నది. ఇక్కడ అధికపదాలూ ఉన్నాయి, న్యూనపదమూ ఉంది. ఆ విద్యార్థిని తన్ను తాను ప్రశ్నించుకుని ఇలా తిరగరాసిందనుకుందాం:

“మా అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. రాత్రిళ్లు దగ్గేది. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో తెలుసుకోవాలని తొమ్మిదో తరగతిలోనే ఇంటర్ జీవశాస్త్రం పుస్తకం తెరిచాను.”

ఇవి 20 పదాలు. ‘కష్టం’ అన్న మాట లేదు, కాని కష్టం ఉంది. ‘ఆసక్తి’ అన్న మాట లేదు, కాని ఆసక్తి ఉంది. పదిహేడు పదాలు తగ్గిన చోట కొత్తగా ఒక దగ్గు వినిపించింది, ఒక పుస్తకం తెరుచుకుంది. చిత్తుప్రతిని ఇంకెవరైనా రాయగలరు. తిరగరాసినదానిని ఆమె తప్ప వేరొకరు రాయలేరు.

సిరిసిల్ల నేతకారుల పేరు చెప్పగానే అగ్గిపెట్టెలో పట్టే చీర గుర్తుకు వస్తుంది. అది పూర్తి చీరే. కట్టుకోవడానికి కావలసిన పొడవుంటుంది, వెడల్పుంటుంది. చీరను కత్తిరించి పెట్టెలో పెడితే అది చీర కాదు, పీలిక. నేతకారుడు తగ్గించినది దారం మందాన్ని. నూలు నంబరు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది. దారం సన్నబడినకొద్దీ తెగిపోయే ప్రమాదం ఎక్కువవుతుంది, మగ్గం మీద ఓర్పు ఎక్కువ కావాలి. 900 పదాల వ్యాసాన్ని 650కి తెచ్చే విద్యార్థి చేయవలసిన పని కూడా ఇదే. చివరి పేరాను కోసివేస్తే పీలిక మిగులుతుంది. ప్రతి వాక్యాన్నీ విడిగా తీసి, దాని మందం తగ్గిస్తూ పోతే నిండు చీర మిగులుతుంది. అందుకు కాలం పడుతుంది. గడువు తేదీకి ముందురోజు రాత్రి కూర్చుంటే జరిగేది కోతే.

ఈ ఓర్పు లేక కొందరు ఆ పనిని ఇతరులకు అప్పగిస్తున్నారు. సొమ్ము తీసుకుని వ్యాసం రాసిపెట్టే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అడిగిన క్షణంలో అడిగినన్ని పదాలు అందించే కృత్రిమ మేధ కూడా నేడు చరవాణిలోనే దొరుకుతున్నది. లెక్క సరిపోతుంది, సందేహం లేదు. మనిషి మాత్రం మాయమవుతాడు. 2007లో యూకాస్ సంస్థ తనకు వచ్చిన వ్యాసాలను పరిశీలించినప్పుడు ఒక వింత బయటపడింది. ఎనిమిదేళ్ల వయసులో తన పైజామాకు నిప్పంటించి కన్నం చేసిన సంఘటనే తనకు శాస్త్రంపై ఆసక్తి కలిగించిందని 234 మంది రాశారు. ఎక్కడో దొరికిన ఒక నమూనా వ్యాసాన్ని అందరూ అనుసరించారు. అందులో నిజంగా ప్రతిభ ఉన్నవారు కూడా ఉండి ఉంటారు. కాని చదివేవారికి వారిలో ఏ ఒక్కరూ కనిపించలేదు. ఒకరి కన్నును నమ్ముకోవడంలో తప్పు లేదు. అధ్యాపకునికి చూపించి, ‘ఇక్కడ అర్థం కావడం లేదు’ అనిపించుకోవడం మంచిదే. ఏ మాట పోవాలో, ఏది ఉండాలో నిర్ణయించే చేయి మాత్రం విద్యార్థిదే కావాలి. ఎందుకంటే ఏది ముఖ్యమో నిర్ణయించడంలోనే వ్యక్తిత్వం బయటపడుతుంది.

గ్రామీణ విద్యార్థి వైపునుంచి ఒక న్యాయమైన అభ్యంతరం మిగిలి ఉన్నది. అమెరికాలో పుట్టిన విద్యార్థి తన ఇంటిని గురించి ఏమీ వివరించనక్కరలేదు. బీడీ అంటే ఏమిటో, తునికాకు ఎలా ఉంటుందో, మర మగ్గం చప్పుడులో చదువుకోవడమంటే ఎలా ఉంటుందో తెలియని పాఠకునికి మన విద్యార్థి ఇవన్నీ చెప్పవలసి వస్తుంది. పదాల గడి సమానమే కాని, దానిలోకి మోసుకువెళ్లే బరువు సమానం కాదు. ఈ మాటలో సత్యం ఉంది. దానిని కాదనడం తగదు. అయితే ఆ బరువును బలంగా మార్చుకునే మార్గం కూడా ఉన్నది. నిర్వచనం ఇవ్వడం మాని, దృశ్యాన్ని చూపించాలి. ‘బీడీ అనగా తునికాకులో పొగాకు చుట్టి చేసే పదార్థము’ అని రాస్తే అది నిఘంటువు. ‘అమ్మ ఒడిలో చాట, చాటలో ఆకులు, నా చేతిలో పుస్తకం’ అని రాస్తే పరాయి దేశపు పాఠకుడు కూడా ఆ గడపలో వచ్చి కూర్చుంటాడు. అతనికి కొత్తదైన ఆ గడపే మన విద్యార్థికున్న ఆస్తి. దానిని సిగ్గుతో దాచి, అందరికీ తెలిసిన పెద్దమాటలతో గడిని నింపడమే నిజమైన నష్టం.

కనుక విద్యార్థులు కొన్ని మంచి అలవాట్లు చేసుకోవాలి. మొదటి చిత్తుప్రతిని లెక్క చూడకుండా రాయాలి. ఆ తరువాత రెండు మూడు రోజులు దానిని పక్కన ఉంచాలి. మళ్లీ తీసి బిగ్గరగా చదవాలి. ఊపిరి తడబడిన చోట పదాలు ఎక్కువయ్యాయని గుర్తించాలి. మొదటి వాక్యాన్ని కొట్టివేసి చూడాలి. చాలా వ్యాసాలు రెండవ వాక్యంతోనే నిజంగా మొదలవుతాయి. ‘ఈ వాక్యాన్ని నా పక్క బెంచీవాడు కూడా రాయగలడా?’ అని ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించాలి. రాయగలిగితే దానిని తీసివేయవచ్చు. రాయలేకపోతే, పరిమితి ఎంత ఒత్తిడి తెచ్చినా దానిని కాపాడుకోవాలి.

ఈ సాధన ఒక్క దరఖాస్తుతో ముగిసిపోదు. ఉద్యోగానికి రాసే లేఖలోనూ, న్యాయస్థానంలో ఇచ్చే వాంగ్మూలంలోనూ, గ్రామసమస్యపై కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలోనూ ఇదే నేర్పు అవసరమవుతుంది. తన బాధను ఒక పుటలో స్పష్టంగా చెప్పుకోగలిగిన మనిషికి ఇంకొకరి కలం మీద ఆధారపడవలసిన అగత్యం ఉండదు. వ్యాసానికి సీటు దక్కవచ్చు, దక్కకపోవచ్చు. దానిని రాసే క్రమంలో తన జీవితంలో ఏది ముఖ్యమో తెలుసుకున్న విద్యార్థి పడిన శ్రమ వృథా కాదు.

అభ్యాసం

1. దరఖాస్తు వ్యాసంలో పదాలు పెరగడానికి రచయిత చెప్పిన రెండు కారణాలు వివరించండి.
2. అధికపదం, కథితపదం, న్యూనపదం, సమాప్తపునరాత్తం అనే దోషాలను సొంత ఉదాహరణలతో తెలపండి.
3. అగ్గిపెట్టెలో పట్టే చీరకూ, వ్యాసరచనకూ గల పోలికను వివరించండి.
4. ‘పదాల గడి సమానమే కాని, దానిలోకి మోసుకువెళ్లే బరువు సమానం కాదు.’ ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
5. మీ ఇంటిలోని ఒక పనిని గురించి 100 పదాలలో రాయండి. తరువాత విషయం తగ్గకుండా దానినే 60 పదాలకు కుదించండి.